కూరగాయల సంత వీధి నుంచి తొలి ఆల్బమ్ దాకా: స్క్రీమ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో పుట్టిన డబ్‌స్టెప్ అనే డాన్స్ సంగీతమంటే నాకు ఇష్టమని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఏళ్ల తరబడి దాదాపు అవే. అడిగిన ప్రతివారికీ మొదటి నుంచి చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను. కొన్నింటికి రెండు ముక్కలు చాలు. కొన్నింటికి తీరిగ్గా కూర్చోవాలి.

స్క్రీమ్ అంటే ఎవరు?

డబ్‌స్టెప్ ట్రాకులు చేసే నిర్మాత, డీజే. అసలు పేరు ఆలివర్ జోన్స్. 1986లో పుట్టి, దక్షిణ లండన్ శివారు క్రాయిడన్ చుట్టుపక్కల పెరిగాడు. పదిహేనేళ్ల వయసులో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్రూటీలూప్స్ అనే ప్రోగ్రాముతో ట్రాకులు చేయడం మొదలుపెట్టాడు. 2003లో స్నేహితుడు బెంగాతో కలిసి తొలి రికార్డు తెచ్చాడు. 2005లో "మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్" వచ్చింది. 2006 అక్టోబరులో తొలి ఆల్బమ్ విడుదలైంది. దాని పేరు కూడా "స్క్రీమ్!". అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఇంగ్లీషులో తన పేరును "సి" బదులు "కె" పెట్టి రాసుకుంటాడు. తెలుగులో రాస్తే ఆ తుంటరితనం కనిపించదు.

డబ్‌స్టెప్‌లో "డబ్" అంటే మన డబ్బింగ్ సినిమాల డబ్బేనా?

అడగడానికి మొహమాటపడతారు గానీ మంచి ప్రశ్న. రెండింటికీ చుట్టరికం ఉంది. మూలం "డబుల్" అన్న మాట. శబ్దానికి నకలు తీయడమే డబ్. సినిమావాళ్లు ఆ మాటను గొంతు మార్చే పనికి వాడుకున్నారు. జమైకాలో కింగ్ టబ్బీ లాంటి ఇంజనీర్లు అదే మాటను మరో దారి పట్టించారు. పాట నకలులోంచి గాత్రం తీసేసి, డ్రమ్ము, బేస్ (లోతైన కింది స్వరాలు) మిగిల్చి, వాటి చుట్టూ ప్రతిధ్వనులు అల్లారు. ఆ సంగీతం వలస కుటుంబాలతో లండన్ చేరింది. "స్టెప్" మాత్రం 1990లలో లండన్ క్లబ్బుల్లో ఆడిన "టూ స్టెప్" గరాజ్ అనే శైలిది. గరాజ్‌లోని తీయని పాటను పక్కకు నెట్టి బేస్‌ను ముందుకు తెచ్చిన కుర్రవాళ్ల పని 2000 తర్వాత డబ్‌స్టెప్ అయింది.

ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా అనిపిస్తుంది. అసలు వేగం ఎంత?

నిమిషానికి సుమారు 140 దెబ్బలు. అయితే స్నేర్ డ్రమ్ము నాలుగు దెబ్బలకొకసారి, మూడో దెబ్బ మీద మాత్రమే పడుతుంది. చెవి దాన్నే పట్టుకోవడంతో 70 లాగా వినిపిస్తుంది. పైన మాత్రలు ద్రుతంలో పరుగెడుతుంటే చప్పట్లు విళంబంలో పడుతున్నట్టు ఉంటుంది. మృదంగం విన్న చెవికి ఇదేమీ వింత కాదు.

లండన్ నడిబొడ్డును వదిలి క్రాయిడన్ శివారులో ఎందుకు పుట్టింది?

ఒక దుకాణం వల్ల. క్రాయిడన్‌లో సర్రీ స్ట్రీట్ అని పాత వీధి ఒకటి ఉంది. అక్కడ కూరగాయలు, పళ్ల సంత జరుగుతుంది. 1276లో రాజు దగ్గర అనుమతి పొందిన సంతకు అది వారసురాలు. ఆ బండ్ల వరసలో బిగ్ యాపిల్ అనే రికార్డు దుకాణం ఉండేది. కౌంటరు వెనక హాచా అనే డీజే నిలబడేవాడు. ఏ రికార్డు తెప్పించాలో, ఎవరికి ఏది వినిపించాలో అతనికి తెలుసు. పై అంతస్తులో ఆర్ట్‌వర్క్ అనే సంగీత నిర్మాతకు స్టూడియో ఉండేది. స్క్రీమ్ వాళ్ల అన్నయ్య హైజాక్ కూడా ఆ దుకాణం మనిషే. స్క్రీమ్ బడి వయసులోనే అక్కడ చేరాడు. బెంగా, సౌత్ నార్వుడ్ నుంచి మాలా, కోకి, లోఫా అనే కుర్రవాళ్లు వచ్చిపోతుండేవాళ్లు.

ఇది మన ఊళ్ల గ్రంథాలయం అరుగు లాంటిదే. ఎవరూ పాఠం చెప్పరు, అక్కడ కూర్చున్నవాడికి పాఠం వచ్చేస్తుంది. పొద్దున ఏ రికార్డులు అమ్ముడుపోతున్నాయో, ఏవి దుమ్ముపట్టి ఉంటున్నాయో కుర్రవాడు కళ్లారా చూశాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి తనది చేసుకున్నాడు. దుకాణం పేరు మీదే ఒక లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ, కూడా నడిచింది. స్క్రీమ్, బెంగాల 2003 రికార్డు "ది జడ్జిమెంట్" దాని మీదే వచ్చింది. 2004లో దుకాణం మూతపడింది.

డబ్‌ప్లేట్ అని అందరూ అంటుంటారు. అది రికార్డు కాదా?

రికార్డే, కానీ ఒక్కటే ప్రతి. అల్యూమినియం పళ్లెం మీద లక్కలాంటి నల్లటి పూత ఉంటుంది. యంత్రం సూది ఆ పూతలో గాడి చెక్కుతుంది. ఐదు నిమిషాల ట్రాకుకు ఐదు నిమిషాలూ పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. చెక్కుతుండగా పూత సన్నని దారంలా లేచి వస్తుంది, దాన్ని గొట్టంతో పీల్చేస్తారు. ముద్రించిన రికార్డులా అది ఏళ్ల తరబడి బతకదు. వాయించిన ప్రతిసారీ సూది కాస్త కాస్త అరగదీస్తుంది, ముందు పై స్వరాల మెరుపు పోతుంది. కొన్ని పదులసార్లు తిరిగాక దాని పని అయిపోయినట్టే. ఆగ్నేయ లండన్ ఫారెస్ట్ హిల్‌లో జేసన్ గాజ్ నడిపిన ట్రాన్సిషన్ స్టూడియో ఈ పనికి డబ్‌స్టెప్‌వాళ్ల అడ్డా.

అరిగిపోయే వస్తువు మీద డబ్బు పోయడం ఎందుకంటే, ఆ ట్రాకు ఆ డీజే పెట్టెలో తప్ప లోకంలో మరెక్కడా ఉండదు. వినాలంటే ఆ రాత్రి ఆ గదికి వెళ్లాల్సిందే. స్క్రీమ్ కొత్త ట్రాకులు మొదట హాచా చేతికి డబ్‌ప్లేట్లుగా వెళ్లేవి. ఒకటి పారితే సరే, జనం కదలకపోతే ఇంటికి వెళ్లి మళ్లీ చేయాలి. స్క్రీమ్ చదువంతా ఇలాగే సాగింది, ఆల్బమ్ దాకా వచ్చేసరికి అందులోని బలమూ ఇబ్బందీ రెండూ బయటపడ్డాయి.

ఫోనులో విన్నాను. ఖాళీగా ఉంది. మీరందరూ దేనికి మురిసిపోతున్నారు?

మొదటిసారి నాకూ అంతే. బస్సులో ఫోను స్పీకరు మీద విని, పిల్లలు పళ్లెం మీద చెంచాతో కొట్టినట్టుందని పక్కన పడేశాను.

లెక్క ఇది. డబ్‌స్టెప్ బేస్‌లో ముఖ్యమైన భాగం 40 నుంచి 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోను స్పీకరు 200 హెర్ట్జ్ కింద ఉన్నవాటిని దాదాపు పలకదు. అంటే పాటలోంచి పాటే పోయింది. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది కదా, అది 100 హెర్ట్జ్. డబ్‌స్టెప్ బేస్ దానికి ఒక స్థాయి కింద, 50 దగ్గర పలుకుతుంది. ఆ శబ్ద తరంగం పొడవు సుమారు ఏడు మీటర్లు, ఇరవై అడుగుల పైమాటే. పన్నెండడుగుల పడగ్గది కన్నా అది పెద్దది. అందుకే ఒకే గదిలో ఒక మూల కడుపులో దడ పుట్టి, మరో మూల ఏమీ వినపడకపోవచ్చు.

తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో, సబ్ ఊఫర్ ఉన్న స్పీకర్ల మీద అదే ట్రాకు పెట్టాడు. మొదటి అర నిమిషం నేను ఏమీ అనలేదు. బేస్ దిగగానే వంటింట్లో అలమరలోని స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం మొదలుపెట్టాయి. వాళ్లమ్మగారు వచ్చి "ఏమిట్రా, భూకంపమా" అన్నారు. ఆవిడకన్నా శ్రద్ధగా ఎవరూ డబ్‌స్టెప్ విని ఉండరు.

"మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్"లో అంత గొప్ప ఏమిటి?

రాగం ఉంది. అప్పటి డబ్‌స్టెప్ ట్రాకుల్లో చాలావాటిలో బేస్, డ్రమ్ము, చీకటి ఉండేవి. వాటిని ఇంటికి నడుస్తూ కూనిరాగం తీయలేం. ఇందులో గంటలు మోగినట్టు మెట్టు మెట్టుగా నడిచే చిన్న సింథసైజర్ స్వరమాల ఒకటి ఉంది. రెండుసార్లు వింటే నోటికి వచ్చేస్తుంది. కింద బేస్ తన పని తాను చేసుకుంటూ పోతుంది. దాంతో డబ్‌స్టెప్ గదుల గోడలు దాటి గ్రైమ్ (లండన్‌లోనే పుట్టిన ర్యాప్ లాంటి శైలి) డీజేల పెట్టెల్లోకీ ఇది చేరింది. టెంపా లేబుల్ 2005లో దాన్ని పన్నెండంగుళాల రికార్డుగా విడుదల చేసింది.

తొలి రోజుల్లో అది మోగింది పెద్ద హాళ్లలో కాదు. షోర్డిచ్‌లోని ప్లాస్టిక్ పీపుల్ అనే నేలమాళిగ క్లబ్బులో ఫార్వర్డ్ అనే సంగీతపు రాత్రి జరిగేది. రెండు వందల మంది పడితే గొప్ప. దీపాలు దాదాపు ఉండవు. స్పీకర్లు మాత్రం గదికి మించినవి. 2005లో మాలా, కోకి, లోఫా బృందం బ్రిక్స్‌టన్‌లో పాత చర్చి భవనంలో డీఎంజెడ్ అనే రాత్రి మొదలుపెట్టారు. ఏడాది తిరిగి తొలి వార్షికోత్సవం వచ్చేసరికి బయట వరుస ఎంత పెరిగిందంటే, ఆ రాత్రికి రాత్రే చిన్న గది వదిలి పెద్ద హాల్లోకి మారాల్సి వచ్చింది. అంతకు ముందు, 2006 జనవరిలో, బీబీసీ రేడియో 1లో మేరీ ఆన్ హాబ్స్ ఒక కార్యక్రమం పూర్తిగా డబ్‌స్టెప్‌కే ఇచ్చింది. వాయించినవాళ్లలో స్క్రీమ్ ఒకడు. లండన్ బయట చాలామందికి ఈ సంగీతం చెవిన పడింది ఆ రాత్రే.

సింగిల్స్ (విడి ట్రాకుల రికార్డులు) ఆడుతుంటే ఆల్బమ్ ఎందుకు?

క్లబ్బుకు రాలేనివాళ్ల కోసం. పన్నెండంగుళాల రికార్డు డీజే సామాను, ఇంట్లో టర్న్‌టేబుల్ లేనివాడికి దానితో పనిలేదు. సీడీ రూపంలో ఆల్బమ్ ఉంటేనే మామూలు దుకాణంలో కనిపిస్తుంది, పత్రికలు సమీక్ష రాస్తాయి, వేరే దేశంలో ఉన్నవాడు కొంటాడు.

డాన్స్ ఫ్లోర్ ట్రాకులను వరుసగా పేర్చితే ఆల్బమ్ అయిపోదా?

కాదు. ఇక్కడ కాస్త నిలబడాలి, అసలు విషయం ఇదే.

డాన్స్ ఫ్లోర్ ట్రాకు పూర్తి వస్తువు కాదు, అది సగమే. మిగతా సగం డీజే చేతిలో ఉంటుంది. రెండు రికార్డులను ఒకదాని మీద ఒకటి కలపాలి కాబట్టి ట్రాకు మొదట్లో, చివర్లో ఉత్త లయ ఉంచుతారు. 32 ఆవృత్తాలంటే 128 దెబ్బలు, 140 వేగంలో అది 55 సెకన్లు. క్లబ్బులో ఆ 55 సెకన్లలో ముందరి ట్రాకు ఇంకా మోగుతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ ఖాళీ తెలియదు. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడికి అది దాదాపు ఒక నిమిషం టిక్కుటిక్కు. పన్నెండు ట్రాకులకు పదకొండు నిమిషాలు.

రెండోది, బేస్ దిగే క్షణం. క్లబ్బులో జనం అరుస్తారు, డీజే రికార్డును వెనక్కి లాగి మళ్లీ మొదటి నుంచి పెడతాడు. ఇది జమైకా సౌండ్ సిస్టమ్‌ల నుంచి వచ్చిన ఆచారం. పద్యనాటకాలు చూసిన పెద్దవాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు. రాగం అందుకోగానే "వన్స్ మోర్" అని కేకలు, నటుడు చచ్చిపడి ఉన్నా లేచి మళ్లీ పాడటం. ఆ వన్స్ మోర్ కోసమే కట్టిన ట్రాకు ఇంట్లో వింటే ఎలా ఉంటుంది? పద్యం పూర్తయ్యాక ఎదురుగా ఖాళీ కుర్చీలు ఉన్నట్టు ఉంటుంది.

మూడోది వరుస. కచేరీలో వర్ణంతో మొదలుపెట్టి, గొంతు వేడెక్కాక ప్రధాన కీర్తనకు వెళ్లి, తని ఆవర్తనం అయ్యాక జావళి, తిల్లానా లాంటి తేలిక రచనలు పాడి మంగళంతో ముగిస్తారు. ప్రతి కీర్తనా ప్రధాన కీర్తనే అయితే శ్రోత గంటలో లేచిపోతాడు. సింగిల్స్ చేసేవాడికి అలవాటైన పని మాత్రం ప్రతిసారీ ప్రధాన కీర్తన రాయడమే, ఎందుకంటే బలహీనమైన సింగిల్‌ను ఎవరూ కొనరు. ఆల్బమ్‌కు బలం తక్కువగా ఉన్న ట్రాకులు కూడా కావాలి. వాటిని కావాలని అలా చేయడం నేర్చుకోవాలి. ఇది చాలామంది నిర్మాతలకు మనసొప్పని పని.

మరి "స్క్రీమ్!" ఆల్బమ్ ఈ పరీక్ష నెగ్గిందా?

ముప్పాతిక వంతు నెగ్గింది.

"మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్"ను మొదట్లోనే వాయించేశాడు. చివరిదాకా దాచుకుంటే దాని కోసం మిగతావన్నీ దాటేస్తారు, ముందే ఇచ్చేస్తే శ్రోత కుదురుగా కూర్చుంటాడు. "రటెన్", "డచ్ ఫ్లవర్జ్" ఇంట్లో విన్నప్పుడు క్లబ్బులోకన్నా బాగుంటాయని నా అభిప్రాయం. "సమ్మర్ డ్రీమ్స్" పేరుకు తగ్గట్టే ఈ చీకటి లోకంలో కాస్త ఎండ. ఇరవై ఏళ్ల కుర్రవాడు తన సంగీతంలో దిగులుకూ చోటుందని చూపించడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

గాత్రం రెండు చోట్ల ఉంది. "చెక్ ఇట్"లో జమైకా గాయని వారియర్ క్వీన్, "టాప్డ్"లో ఉత్తర లండన్ గ్రైమ్ కళాకారుడు జేఎంఈ. ఇవి అలంకారానికి పెట్టినవి కావు. ఒకటి ఈ సంగీతం తాతగారి ఇంటి నుంచి, ఒకటి పక్కింటి తోబుట్టువు నుంచి. వాద్యం మీద వాద్యం విని అలసిన చెవికి మనిషి గొంతు మజ్జిగ లాంటిది.

ఓడిన పావు వంతు ఎక్కడంటే, ఇది మొదటి నుంచి ఆల్బమ్‌గా ఆలోచించి కట్టినట్టు ఉండదు. ఒక కుర్రవాడి హార్డ్ డిస్కులోంచి మంచివి ఏరి సంచిలో వేసినట్టు ఉంటుంది. రెండు మూడు ట్రాకులు డీజే లేక దిక్కులు చూస్తాయి. అయినా ఏరినవాడి చెయ్యి మంచిదే. అతను చేసినవి ఎన్నంటే, అదే ఏడాది "స్క్రీమిజమ్" పేరుతో మరో రికార్డుల వరుస కూడా మొదలైంది. క్లబ్బు కోసం చేసినవి ఎక్కువగా అటు వెళ్లాయి. తెలివైన పంపకం.

అదే ఏడాది బరియల్ ఆల్బమ్ కూడా వచ్చింది కదా. ఏది మేలు?

పోల్చడం అనవసరం, కానీ అందరూ అడుగుతారు. బరియల్ అనే మరో డబ్‌స్టెప్ నిర్మాత తొలి ఆల్బమ్ 2006 మే నెలలో హైపర్‌డబ్ లేబుల్ మీద వచ్చింది. అతను డీజే కాదు, ముఖం కూడా చూపించలేదు. వర్షం చప్పుడు, రికార్డు గీతల చిటపటలు, ముక్కలు చేసిన గొంతులు. క్లబ్బు నుంచి ఇంటికి వెళ్తున్నవాడి సంగీతం అది. స్క్రీమ్‌ది ఇంకా క్లబ్బు లోపలే ఉన్నవాడి సంగీతం. ఇంటి వినికిడికి బరియల్ ముందే పుట్టాడు, స్క్రీమ్ అక్కడికి నడిచి వెళ్లాల్సి వచ్చింది. నాకు ఆ నడకే ఎక్కువ ఆసక్తి.

రెండో ఆల్బమ్‌కు అమ్ముడుపోయాడని అన్నారు. నిజమేనా?

2009లో లా రూ పాట "ఇన్ ఫర్ ది కిల్"కు స్క్రీమ్ చేసిన రీమిక్స్ అతన్ని పాప్ శ్రోతల దగ్గరకు తీసుకెళ్లింది. 2010లో "అవుట్‌సైడ్ ది బాక్స్" వచ్చింది, గాయకులు పెరిగారు. అదే ఏడాది బెంగా, ఆర్ట్‌వర్క్‌లతో కలిసి మ్యాగ్నెటిక్ మ్యాన్ పేరుతో పెద్ద సంస్థ కొలంబియా మీద ఆల్బమ్ చేశాడు. వాళ్ల "ఐ నీడ్ ఎయిర్" బ్రిటన్ జాబితాలో పదో స్థానానికి చేరింది. అంటే బిగ్ యాపిల్ మెట్ల మీద కూర్చున్న ముగ్గురూ ఏడేళ్లలో దేశపు మొదటి పదిలోకి వెళ్లారు. దాన్ని అమ్ముడుపోవడం అనడం నాకు ఇష్టం లేదు. కానీ "అవుట్‌సైడ్ ది బాక్స్" ఆల్బమ్‌గా మెరుగ్గా అమరినా, తొలిదానిలోని ఆకలి అందులో తగ్గిందని ఒప్పుకుంటాను. ఆ తర్వాత అతను హౌస్, డిస్కో, టెక్నో లాంటి వేరే డాన్స్ శైలుల వైపు వెళ్లిపోయాడు.

మిగతావాళ్లు సింగిల్స్ నుంచి ఆల్బమ్ దాకా ఉన్న దూరాన్ని ఎలా దాటారు?

తలా ఒక దారి. కోకితో కలిసి చేసిన "నైట్" ఊపు మీద బెంగా 2008లో "డైరీ ఆఫ్ యాన్ ఆఫ్రో వారియర్" తెచ్చాడు. నా లెక్కలో స్క్రీమ్ తొలి ఆల్బమ్ కన్నా ఇది నాలుగు మెట్లు బిగుతు. బ్రిస్టల్ నుంచి పించ్ 2007లో "అండర్‌వాటర్ డాన్స్‌హాల్"ను రెండు సీడీలుగా ఇచ్చాడు: ఒకదానిలో గాత్రంతో, మరోదానిలో గాత్రం లేకుండా. సమస్యను రెండుగా కోసి చెరో పళ్లెంలో పెట్టాడన్నమాట. మాలా అయితే సొంత పేరుతో ఆల్బమ్ కోసం 2012 దాకా ఆగి, క్యూబా వెళ్లి అక్కడి వాద్యకారులతో రికార్డు చేశాడు. అమెరికాలో స్క్రిల్లెక్స్ అనే నిర్మాత ఈ వరుసే తిరగేశాడు. 2012లో గ్రామీలు గెలిచాడు, తొలి ఆల్బమ్ 2014లో గానీ రాలేదు.

నేనూ ఇంట్లో ట్రాకులు చేస్తాను. ఎనిమిది ఉన్నాయి. ఆల్బమ్ చేయవచ్చా?

హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి, ఒకసారి డాలస్ నుంచి కూడా ఈ ప్రశ్న వచ్చింది. చేయవచ్చు. ముందు ప్రతి ట్రాకుకూ రెండు ప్రతులు చేసుకోండి. డీజేకి ఇచ్చేదానిలో ఉత్త లయను అలాగే ఉంచండి. ఆల్బమ్ ప్రతిలో దాన్ని ఎనిమిది ఆవృత్తాలకు కోయండి, అంటే పద్నాలుగు సెకన్లు. కోయడానికి చేయి రాకపోతే ఆ చోట ఏదైనా జరిగేలా చేయండి. వేర్వేరు కాలాల్లో చేసిన ట్రాకుల శబ్ద స్థాయి వేర్వేరుగా ఉంటుంది. ఒకటి గుసగుసలాడి ఇంకొకటి అరిస్తే వినేవాడు రిమోట్ వదలడు. కాబట్టి అన్నింటినీ ఒకే మనిషి చేత, ఒకే వారంలో మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేయడం) చేయించండి. వరుస పెట్టేటప్పుడు శ్రుతులు చూసుకోండి. పక్కపక్క ట్రాకులు కావాలని గొడవపడితే సరే, తెలియక గొడవపడితే తెలిసిపోతుంది.

తర్వాత మొత్తం ఒకేసారి, అంట్లు తోముతూ వినండి. ఎక్కడ చేతులు తుడుచుకుని దాటేయాలనిపించిందో ఆ ట్రాకు సింగిల్‌గానే ఉండనివ్వండి.

ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

ముందు "ది జడ్జిమెంట్". పచ్చిగా ఉంటుంది, కానీ పదిహేడేళ్ల చెవి ఎలా ఆలోచిస్తుందో తెలుస్తుంది. తర్వాత 2003లోనే హాచా మిక్స్ చేసిన "డబ్‌స్టెప్ ఆల్‌స్టార్స్" మొదటి భాగం వినండి. ఈ ట్రాకులు డీజే చేతిలో ఎలా ఒకదానిలోకి ఒకటి జారుకునేవో అందులో ఉంది. ఆ తర్వాత "మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్" విడిగా ఒకసారి, ఆల్బమ్‌లో భాగంగా ఒకసారి. ఫోను స్పీకరు వద్దు. మంచి ఇయర్‌ఫోన్లు చాలు. పెద్ద స్పీకర్లు దొరికితే మరీ మంచిది, అలమరలోని గ్లాసులు మాత్రం ముందే ఎడం ఎడంగా సర్దిపెట్టుకోండి.